ఎడివిగమ్మ జోళ్ళు

మా వదినని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని కారు నడపడం కన్నా, పిల్లిని ఒళ్ళో పెట్టుకుని నడపడం నయం. మలేషియాలో మా క్లాంగ్ నుంచి వదిన పుట్టింటి ఊరు సుంగై సుమున్ రెండు గంటల పైచిలుకు దారి. ఆయుధపూజ నాడు పొద్దున్నే బయల్దేరాం. కాపార్ ఇంకా దాటలేదు, అప్పటికే ఆవిడ సీటు ముందుకి జరిపింది, వెనక్కి జరిపింది, కిటికీ దించింది, ఎత్తింది, రేడియో పెట్టింది, తీసేసింది. ఎదర పామాయిల్ గెలల లారీ అడ్డమొస్తే నాకన్నా ముందు తనే కాలితో బ్రేకు తొక్కింది. అటువైపు బ్రేకు ఉండదన్న సంగతి ఆ కాలికి ఇన్నేళ్ళైనా తెలియదు.

“రుక్మణొదినా, పది నిమిషాలు కుదురుగా కూకో లా.” మలాయి వాళ్ళ ‘లా’ మా తెలుగు చివర కూడా ఊరికే తగులుకుంటుంది.

“కూకునే ఉన్నాను కదా సుమితా.”

“నువ్వు కూకున్నావు. నీ కాళ్ళు కూకోలేదు.”

ఆవిడ తన కాళ్ళని తనే కొత్తగా చూసుకుని నవ్వింది. మడమలు లేస్తున్నాయి, దిగుతున్నాయి, మళ్ళీ లేస్తున్నాయి. కాలుగాలిన పిల్లి అనే మాట ఈవిడని చూసే పుట్టి ఉంటుందని నా అనుమానం.

రుక్మణి మా అన్న ప్రేమ్‌నాథ్ భార్య. యాభై ఎనిమిదో ఏడు నడుస్తోంది. చిన్నప్పటి నుంచి బాలే ఆడింది, ఇప్పుడు క్లాంగ్‌లో పిల్లలకి బాలే నేర్పుతోంది. కుడి తుంటి కీలు అరిగిపోయింది. వచ్చే వారం ఆపరేషన్. ఆ తర్వాత నడవచ్చు, మెట్లెక్కచ్చు, పాఠం చెప్పుకోవచ్చు, కానీ మునివేళ్ళ మీద లేవడం మాత్రం ఈ జన్మకి ఇక లేదని డాక్టరు తేల్చేశాడు. అసలు ఇప్పుడు కూడా లేవకూడదన్నాడు. ఆ ముక్క ఆవిడ మా అన్నకి చెప్పలేదు. నాకు చెప్పి, ఎవరికీ చెప్పకుండా ఒట్టు వేయించుకుంది.

ఒళ్ళో ఉన్న గుడ్డసంచిలో కొత్త బాలే జోళ్ళున్నాయి. గులాబీరంగు శాటిన్ గుడ్డ, ముందు కొస చెక్కలా గట్టిగా, చీలమండకి చుట్టి కట్టుకోడానికి రిబ్బన్లు. వాటిని తొడుక్కుని వాళ్ళమ్మ ఎదుట ఒక్కసారి మునివేళ్ళ మీద నిలబడాలి. అంతే ఆవిడ కోరిక. ఎక్కడెక్కడో, ఎవరెవరి ముందో ఆడిన మనిషిని కన్నతల్లి ఒక్కసారి కూడా చూడలేదు. చూడనని ఒట్టు పెట్టుకుంది. రుక్మణికి పన్నెండేళ్ళప్పుడు పెట్టుకున్న ఒట్టు అది, ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

“వస్తన్నామని అత్తకి చెప్పినావా?” అని అడిగాను.

“చెప్పినాను.”

“జోళ్ళ సంగతి?”

ఆవిడ మళ్ళీ కిటికీ దించింది.

ఈ గొడవంతా ఎడివిగమ్మ వల్ల వచ్చింది. ఎడివిగమ్మంటే మన పైడితల్లి, నూకాలమ్మల్లాగా ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కి వచ్చిన అమ్మోరని అనుకునేరు. ఆవిడ స్వీడన్ మనిషి. అసలు పేరు హెడ్విగ్. నూట యాభై, నూట అరవై ఏళ్ళ కిందట స్టాక్‌హోంలో బాలే ఆడేది.

వదిన పుట్టింది సుంగై సుమున్ దగ్గర ఒక తోటలో. నాన్న అప్పలసామి పామాయిల్ గెలలు కోసేవాడు. అమ్మ అప్పలమ్మ మేనేజరు దొర బంగళాలో ఊడ్చి తుడిచే పనికి వెళ్ళేది. ఆ దొర భార్య స్వీడన్ ఆవిడ. బంగళా హాల్లో, గుండ్రటి చట్రంలో, ఆ దొరసాని ముత్తవ్వ పటం ఉండేది. పొగలాంటి తెల్లటి గౌను, తలమీద పూలదండ, ఒక కాలు గాలిలో, రెండో కాలి బొటనవేలి కొస నేలని తాకిందా లేదా అన్నట్టు ఉండేదట. పటం కింద దొరసాని రోజూ తాజా పూలు పెట్టేది.

అప్పలమ్మ అత్త తెలివితక్కువ మనిషి కాదు. ఉన్నది ఉన్నట్టు చూసి లెక్క కట్టింది. పటానికి రోజూ పూలు ఎవరికి పెడతారు? దేవుడికి. దేవతల పాదాలు నేలకి ఆనవని పెద్దవాళ్ళు చెబుతారు, ఈవిడవీ ఆనలేదు. కాబట్టి ఈవిడ తెల్లోళ్ళ అమ్మోరు. పేరేంటని దొరసానిని సైగలతో అడిగింది. దొరసాని హెడ్విగ్ అంది. అలా ఎడివిగమ్మ అయింది. ఆ రోజు నుంచి హాలు ఊడ్చే ముందు చీపురు పక్కన పెట్టి పటానికి దండం పెట్టేది. దొరసాని ఒకసారి అది చూసి, ఏమర్థమైందో ఏమో, తనూ చేతులు జోడించిందట.

ఆ హెడ్విగ్ కథ నాకు కంఠతా వచ్చు. మా వదిన తన సొంత అవ్వ గురించి చెప్పమంటే నీళ్ళు నములుతుంది గానీ, ఆవిడ గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతుంది. గుర్రాలు కాసేవాడి కూతురు. ఇంట్లో ఒక నోరు తగ్గుతుందని ఏడేళ్ళకే నాటకశాల వాళ్ళ నాట్యం బడిలో వదిలేశారు. బయట మంచు, లోపల చన్నీళ్ళు, తప్పు అడుగేస్తే పిక్క మీద బెత్తం దెబ్బ. పదిహేడేళ్ళకి రాజుగారి ఎదుట ఆడింది. పారిస్ వెళ్ళింది, అక్కడ వెనక వరసలోనే ఉండిపోయింది, తిరిగొచ్చింది. తన ఊళ్ళో పది పన్నెండేళ్ళు జనం ఆవిడ కోసం విరగబడ్డారు. తర్వాత మోకాలు పోయింది. ముసలిదయ్యేదాకా అదే బడిలో కర్రతో తాళం కొడుతూ పిల్లలకి నేర్పింది. బెత్తం మాత్రం పట్టలేదట.

దొరసాని తన కూతురికి వరండాలో బాలే నేర్పేది. ఆ పిల్లకి బొమ్మల పుస్తకాల మీద ఉన్న ధ్యాస కాళ్ళ మీద లేదు. అమ్మ వెంట పనికి వెళ్ళిన రుక్మణి పేముకుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుని అన్నీ చేసేది. దొరసాని కంట పడింది. కుర్చీ వెనక నుంచి పిలిచి ముందు నిలబెట్టింది. మడమలెత్తి మునివేళ్ళ మీద లేవడానికి ఫ్రెంచిలో ఏదో మాట ఉంది. దొరసాని పదేపదే ఆ మాట అంటుంటే, వరండా తుడుస్తున్న అప్పలమ్మ అత్త తలెత్తి అడిగిందట.

“ఏటంటన్నాదే ఆయమ్మ?”

“నెగమంటన్నాదమ్మా.”

“అయితే నెగు మరి, సూస్తావేటి?”

మన వైపు నెగడమంటే లేవడం. తోట కూలీలకి వరసగా కట్టిన లైను ఇళ్ళల్లో తెల్లారకుండానే ప్రతి తల్లీ పిల్లల్ని నెగు నెగు, పెరట్టుకి ఏలైపోతంది అని లేపేది. పెరట్టంటే తోటపనికి హాజరు పిలిచే చోటు. వదినకి ఆ ఫ్రెంచి మాట ఆ రోజు నుంచి నెగుగానే ఉండిపోయింది.

పన్నెండో ఏట, ఆయుధపూజ ముందు రోజు, దొరసాని తన కూతురు తొడగకుండా పారేసిన కొత్త జోళ్ళు రుక్మణికిచ్చింది. పలచటి కాగితంలో చుట్టి ఇచ్చింది. పిల్ల ఆ పొట్లం గుండెకి హత్తుకుని లైను దాకా ఒకటే పరుగు. ఇంటి గుమ్మంలోంచే కేకేసింది. “అమ్మా! ఎడివిగమ్మవే! ఎడివిగమ్మవి నాకిచ్చింది!”

ఎడివిగమ్మవిలాంటివని పిల్ల ఉద్దేశం. అప్పలమ్మ అత్త చేతులు కడుక్కుని వచ్చి పొట్లం రెండు చేతులా అందుకుంది. విప్పి చూసింది. పట్టులా మెరుస్తున్నాయి, మట్టి అంటలేదు, తోటలో ఏ ఆడదీ మగాడూ తొడిగే కసుత్‌లా లేవు. కసుతంటే మలాయిలో బూటు. ఇవి బూట్లని ఎవరైనా ఎందుకనుకుంటారు? అమ్మోరి పాదుకలు. కళ్ళకద్దుకుంది.

మర్నాడు పూజ. గెలలు కోసే కొడవలి, సైకిలు, కత్తిపీట, వాటి నడుమ అరిటాకు మీద గులాబీరంగు పాదుకలు. పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మందారపువ్వు పెట్టింది. లైను లైనంతా వచ్చి దండం పెట్టుకుని పోయారు. ఇక రుక్మణి ఆగలేకపోయింది. రాత్రంతా కాళ్ళు దురద పెట్టాయంటుంది ఇప్పటికీ. అమ్మ హారతి పళ్ళెం తేవడానికి లోపలికి వెళ్ళిన నిమిషంలో అరిటాకు మీద నుంచి లాగి, రెండు కాళ్ళకీ తొడిగి, గుమ్మం పట్టుకుని లేచి నిలబడింది.

హారతి పళ్ళెం నేల పడింది.

“అడక్కుండా కాలెట్టినావా! అమ్మోరి పాదుకల్లో అడక్కుండా కాలెట్టినావా గుంటా!”

దెబ్బలు పడ్డాయి. జోళ్ళు దేవుడి అరలోకి ఎక్కాయి. “నీ ఆట నాను సూడను. సచ్చిందాకా సూడను. ఒట్టు” అని పడిపోయిన కర్పూరం సాక్షిగా అనేసింది.

ఇందులో విచిత్రం ఏమిటంటే, ఆడొద్దని అత్త ఒక్కసారి కూడా అనలేదు. దొరసాని ఇంకో జత ఇచ్చింది, పాఠం సాగింది. కూతురు ఆడుతుంటే ఈవిడ గది మారి తుడిచేది. వదిన బతిమాలింది. తప్పైందే, ఆయాల అడగలేదు, ఇప్పుడడుగుతన్నాను కదా, ఓపాలి సూడవే అని ఏడ్చింది. ఒట్టి కాళ్ళతో ఆడతానంది. ఆ రోజుకీ, ఆ తర్వాత ఎప్పుడడిగినా అత్త జవాబు ఒకటే.

“నన్నడుగుతావేటి?”

మీరే చెప్పండి, ఆ మాట వింటే ఏమనుకుంటాం? పో అవతలికి అన్నట్టే కదా. వదినా అలాగే అనుకుంది. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఇంటికి వియ్యమందిన మేమూ అలాగే అనుకున్నాం.

దొర కుటుంబం దేశం వదిలి వెళ్ళిపోయింది. రుక్మణి స్కూలు ముగించి క్లాంగ్‌లో మేనత్త ఇంట్లో చేరి, పగలు రబ్బరు గ్లవ్స్ ఫ్యాక్టరీలో పనిచేసి, సాయంత్రం ఒక చైనా టీచరమ్మ దగ్గర బాలేకి పోయేది. ఫ్యాక్టరీలో నిలబడి నిలబడి వాచిన కాళ్ళని మళ్ళీ ఆ జోళ్ళలో కుక్కేది. తర్వాత కౌలాలంపూర్‌లో ఒక చిన్న నాట్య బృందంలో దొరికింది చోటు. ఎప్పుడూ వెనక వరసే. అడవి సీనులో చెట్టు, చెరువు సీనులో కొంగ. ముందు వరస అమ్మాయిలు తెల్లగా ఉండేవారు. ఈవిడ చామనఛాయ కాళ్ళకి గులాబీరంగు మేజోళ్ళు ఏ కొట్లోనూ నప్పేవి కావు. టీపొడి డికాషన్‌లో నానబెట్టి రంగు మార్చుకునేది. ఇప్పటికీ మా ఇంట్లో ఎవరైనా టీ చిక్కగా పెడితే, మేజోళ్ళు నానెయ్యచ్చంటుంది.

మా అన్న ఈవిడని క్లాంగ్ స్టేషన్లో చూశాడు. రైలొస్తోందేమోనని ప్లాట్‌ఫారం మీద జనం తలల పైనుంచి తొంగి చూస్తోందట. అందరూ మెడలు చాస్తే ఈవిడ మడమలెత్తింది, ఎత్తి అలాగే ఉండిపోయింది, రైలొచ్చే దాకా దిగలేదు. మా అన్న ఆ రైలు ఎక్కడం మర్చిపోయాడు. మా వాళ్ళు తోట ఆఫీసుల్లో కిరాణీలు, అంటే గుమాస్తాలు. లైను పిల్లని చేసుకుంటాననగానే మా అమ్మ ఒంటికాలి మీద లేచింది. “ఒంటికాలి మీద లేవడం ఆ పిల్లకి నీకన్నా బాగా వచ్చమ్మా” అని నేనంటే నన్నూ తిట్టింది. పెళ్ళైంది. ఏడాది తిరక్కుండా మా అమ్మ కోడలి కాళ్ళకి నువ్వులనూనె రాస్తూ కనిపించింది. మనుషులు మారతారు, అప్పలమ్మ అత్త తప్ప.

ఒకే ఒక్కసారి వదిన ముందు వరసలో ఆడింది. ఇపో ఊళ్ళో ప్రదర్శన, విరామంలో పెద్ద నర్తకి కాలు బెణికింది. ఆవిడ నాట్యం మొత్తం వెనక వరసలో నిలబడి నేర్చేసుకున్న మనిషి వదిన ఒక్కతే. రెండో సగం తనే ఆడింది. ఆ రోజు అప్పలసామి మామ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఇపో వచ్చి, చిట్టచివరి కుర్చీలో కూర్చుని చూశాడు. ఇంటికెళ్ళాక అత్త అడిగిందట, ఎలాగాడిందని. ఆయన మాటకారి కాడు. “దాని కాళ్ళు నేల మీద ఆన్లేదే” అన్నాడు.

అత్త ముఖం మాడ్చుకుంది. కాళ్ళు నేల మీద ఆనడం లేదంటే మన భాషలో ఇంకేమిటి అర్థం? కూతురికి పొగరెక్కిందని మొగుడే చెప్పేశాడనుకుంది. ఆయన ఆ సంగతి మా అన్నకి చెప్పి నవ్వుకున్నాడు గానీ, పెళ్ళానికి విడమరిచి చెప్పకుండానే పోయాడు.

ఇప్పుడు వదిన క్లాస్ క్లాంగ్ లిటిల్ ఇండియాలో ఒక చీరల కొట్టు మీద. కింద జాకెట్టు గుడ్డలు చింపుతుంటారు, పైన పిల్లలు గెంతుతుంటారు. తెలుగు తల్లులూ తమిళ తల్లులూ వచ్చి మొదట అడిగేది ఒకటే, ఇది ఏ సామికి ఆడే ఆట అని. వదిన గోడ మీద తనే గీసిన హెడ్విగ్ బొమ్మ చూపిస్తుంది. క్లాసులో ఫ్రెంచి, తమిళం, మలాయి అన్నీ నడుస్తాయి గానీ మునివేళ్ళ మీదకి లేవాల్సి వచ్చినప్పుడు మాత్రం ఒకటే మాట. “నెగు.” దించాక, “మరోపాలి నెగు.” చైనా పిల్లలు కూడా నెగు అంటే నెగుతారు. వాళ్ళు దాన్ని ఫ్రెంచి అనుకుంటారు.

సెకించాన్ వరిచేల దగ్గర వదిన కారు ఆపించింది. కాఫీకి కాబోలనుకున్నాను. దిగి, కారు తలుపు పట్టుకుని, మంచి కాలు చాపి వంగింది. లారీల వాళ్ళు హారన్లు కొట్టుకుంటూ పోయారు. సాబాక్ బెర్నాం వంతెన ముందు మళ్ళీ ఆపమంది. నేను ఆపలేదు.

“వెనక్కి తిప్పేయ్ లా సుమితా. అమ్మ చూడదు.”

“చూడకపోతే చూడకపోయింది. బొంగరంలా నువ్వు తిరుగు, నా కారుని తిప్పకు.”

“నాకు భయంగా ఉన్నాది,” అంది. అంతసేపట్లో ఆవిడ అన్న నిజం మాట అదొక్కటే. నేను ఆవిడ మోకాలి మీద చెయ్యి వేశాను.

అప్పలమ్మ అత్త ఇల్లు తోట పక్కన కట్టిచ్చిన వరస ఇళ్ళలో ఒకటి. ఎనభై దాటిన మనిషి, ముందు గదిలో పేముకుర్చీలో కూర్చుని, ఒళ్ళో కుంకుమ గిన్నె పెట్టుకుని ఉంది. మామ కొడవలి, మామ సైకిలు, కుట్టుమిషను, మిక్సీ, అన్నిటికీ బొట్లు పడిపోయాయి.

“వొచ్చీసినారా అమ్మాయిగోరూ! కారు లోనకి తేవద్దు, ఉండండి, నిమ్మకాయలు తొక్కించాల.”

కిరాణి కూతుర్నని ఇప్పటికీ నన్ను గోరూ గీరూ అంటుంది, మానమంటే వినదు. కర్ర పట్టుకుని వచ్చి కారుకి బొట్టు పెట్టింది, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించింది. వదిన వంక చూసి, “కుంటతన్నావేటే?” అంది. వదిన ఏమీ లేదంది.

దేవుడి అరలో పటాల పక్కన ఆ జోళ్ళున్నాయి. పసుపూ కుంకుమా ఏటేటా పేరుకుని గులాబీరంగు ఎక్కడా కనపడదు, చింతపండు ముద్దల్లా నల్లబడ్డాయి. వాటి మీద ఈ పొద్దు పెట్టిన కొత్త బొట్టు ఎర్రగా ఉంది. నా మొదటి జోళ్ళని అమ్మ జైల్లో పెట్టిందని వదిన ఎప్పుడూ అంటుంది.

తిన్నాం. సంచి వదిన భుజానే ఉంది. నోరు మాత్రం పెగలదు. గిన్నెలు తోమింది. వాకిలి ఊడ్చింది. అరటిచెట్టు చూసొచ్చింది. తోమిన గిన్నెలే మళ్ళీ తోమింది. గదిలోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి గదిలోకి కుంటుకుంటూ ఒకటే తిరుగుడు. ఇక సంచి తీసుకుని వెళ్ళిపోదామన్నట్టు నా వంక చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

“అత్తా! వదిన తుంటికి వచ్చే వారం ఆపరేషను. ఆ తర్వాత మరి నెగలేదు. ఈ వేళ నీ ముందు ఓపాలి ఆడదామని జోళ్ళు తెచ్చుకున్నాది. చూస్తావా, చూడవా?”

అత్త కుంకుమ గిన్నె మీద మూత పెట్టింది. “ఒట్టున్నాది కదమ్మా.”

“ఏం ఒట్టు? నా కారుకి ఇందాక బొట్టెట్టినావు. దాన్ని నేను కాలితోనే తొక్కుతాను. చెప్పులేసుకుని మరీ తొక్కుతాను. మామ సైకిలుకి ఏటేటా బొట్టెట్టి, మర్నాడు పెడలు తొక్కుకుంటా పనికి ఎల్లలేదా? అది తప్పు కాదుగానీ వదిన జోళ్ళు తొడిగితే తప్పా?”

అత్తకి కోపం రాలేదు. నేనేదో తెలియక అడిగినట్టు నెమ్మదిగా చెప్పింది. “మా ముసిలోడు సైకిలెక్కీ ముందల ఏటి సేసీవోడో మీరు సూడలేదు అమ్మాయిగోరూ. సీటు ముట్టుకొని కళ్ళకద్దుకునీవోడు. ఎక్కతన్నాను తల్లీ అనీవోడు. ఓపాలి మరిసిపోయి ఎక్కీసి, దిగి, మళ్ళీ అడిగి ఎక్కినాడు. దీన్నీ అడగమనే కదా అన్నాను. అడగనేదు.”

గుమ్మంలో వదిన కాళ్ళు ఆగిపోయాయి. ఆ రోజంతా అవి ఆగడం అదే మొదలు.

“అడగలేదా?” అంది వదిన. “ఎన్నిపాల్లు అడిగినానే నిన్ను? ఏడిసి ఏడిసి అడిగినాను!”

“నన్నడుగుతావేటి అని నానూ అన్ని పాల్లు సెప్పినాను కదే. జోళ్ళు నాయా? ఎడివిగమ్మయి. ఆయమ్మనడగాల.”

నాకు ఉండబట్టలేదు. “ఆవిడ అమ్మోరూ కాదు, ఏమీ కాదు అత్తా! గుర్రాలు కాసీవోడి కూతురు!”

“తెలుసు. దొరసాని ఎల్లిపోయీ ముందలే సెప్పింది.”

“తెలిసీ ఇన్నాళ్ళూ బొట్టెట్టినావా?”

“ఓపాలి ఎట్టీసినాను కదా. సెరిపీడానికి నానెవుల్ని? కూలోడి కూతురు అమ్మోరైతే మీకేటి కట్టం?”

వదిన నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు, రెండూ అయి ఉంటాయి. “దీనికా? ఒక దండానికా? నోరిప్పి సెప్పి ఉంటే ఆ రోజే ఎట్టీసీదాన్ని కదే! ఇపో రావొచ్చు కదే నువ్వు! నీకు సూడాలని నేదా అసలు?”

“సెప్పి ఎట్టించుకుంటే అది దండమెలాగవుద్ది?” అంది అత్త. ఆ తర్వాత అరలోని జోళ్ళ వంక చూసింది. “ఏటేటా ఆ జోళ్ళకి బొట్టు ఎవులి కోసం ఎట్టినాననుకున్నావు? ఆ కాళ్ళు సల్లగుండాలనే కదా.”

వదిన అరలోంచి ఆ నల్లటి జోళ్ళు తీసింది. రెండు కళ్ళకీ అద్దుకుంది. పెదాలు కదిలాయి, ఏమందో నాకు వినపడలేదు. తిరిగి అరలో పెట్టి, వాళ్ళమ్మ కుర్చీ ముందు నేల మీద కూలబడింది. సంచిలోంచి కొత్త జత తీసి ఒళ్ళో పెడితే, అత్త గిన్నె మూత తీసి రెండు కొసలకీ బొట్టు పెట్టింది. వదిన వాటినీ ముట్టుకుని కళ్ళకద్దుకుని, అప్పుడు తొడుక్కుంది. రిబ్బన్లు చుట్టి ముడి వేసుకుంది. తీరా లేవబోతే తుంటి పట్టేసింది. ముఖం తెల్లగా పాలిపోయింది. నేను చెయ్యి అందించబోయాను.

“ఉండండమ్మా,” అంది అత్త. కూతురి వంక చూసి, లైను ఇంట్లో తెల్లారగట్ల లేపినట్టే అంది.

“నెగు.”

వదిన కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. మడమలు కలిపింది. బయట ఎవరి మోటారు సైకిలుకో నిమ్మకాయలు తొక్కిస్తున్నారు, పిల్లలు అరుస్తున్నారు. మడమలు లేచాయి, పాదాలు లేచాయి, బొట్టు పెట్టిన రెండు కొసల మీదకి మనిషి మొత్తం లేచింది. ఒక చెయ్యి ఊచ మీద, రెండోది తల పైకి, పటంలో ఆవిడలాగే. పై పెదవి మీద చెమట పోసింది. నేను ఏడుస్తున్నాను. ఎన్నోసార్లు చూసిన ఆటే, అయినా ఏడ్చాను.

అత్త కూతురి ముఖం చూడలేదు. కుర్చీలో ముందుకి వంగి, కర్ర మీద గడ్డం ఆనించి, ఆ జోళ్ళ కొసలకీ సిమెంటు నేలకీ మధ్య చూస్తోంది. చాలాసేపు చూసింది.

“ఆన్లేదే,” అంది. “ముసిలోడు నిజమే సెప్పినాడు. నేల మీద ఆన్లేదు.”

వదిన మెల్లగా దిగింది. ఊచకి తల ఆనించి రొప్పుతోంది. ఇక చాలు, కూర్చోబెడదామని నేను కుర్చీ లాగాను.

“మరోపాలి నెగు,” అంది అత్త.

వదిన కిటికీ ఊచ వదిలేసి మళ్ళీ లేచింది.